రిపోర్టులన్నీ నార్మలే... మరి ఈ తిమ్మిరి సంగతేమిటి?

(సామాన్య శ్రోతల కోసం ఒక న్యూరాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో శ్రోతలు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకు వినిపిస్తోందా? సరే.

మాటలకు ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి, అరచెయ్యి పైకి ఉండేలా. కదపకండి. కళ్ళు మూసుకుని ధ్యాసంతా ఆ చేతి వేళ్ళ కొసల మీద పెట్టండి. నేను చాలు అనేదాకా అలాగే ఉండండి.

(అర నిమిషం నిశ్శబ్దం)

చాలు. ఎవరికైనా ఏమైనా తెలిసిందా? చిమచిమలాడినట్టు? వెచ్చగా? లోపల నాడి కొట్టుకున్నట్టు? వేలు సన్నగా అదిరినట్టు? చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు.

నిమిషం క్రితం కూడా ఆ వేళ్ళు మీ దగ్గరే ఉన్నాయి. వాటి నరాలు అప్పుడు కూడా మెదడుకు కబుర్లు పంపుతూనే ఉన్నాయి. ఒంటికి బట్ట తగలడం, కుర్చీ వీపును నొక్కడం, నాలుక పళ్ళకు ఆనడం, ఇవన్నీ మెదడుకు చేరుతూనే ఉంటాయి. అది వాటిని మనదాకా రానివ్వదు. రానిస్తే మనం ఏ పనీ చేసుకోలేం. మనం ధ్యాస పెట్టిన చోట మాత్రం ఆ వడపోత పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి, చేతికి ఏమీ తాకించకుండా, ఇదే పరీక్ష ప్రయోగశాలల్లో చేశారు. అక్కడా చాలామందికి ఇలాగే చిమచిమలు, దురద, వెచ్చదనం తెలిశాయి.

మీకు నేనేమీ జబ్బు అంటించలేదు, కంగారు పడకండి. కానీ ఇదే అనుభవం రాత్రి పన్నెండింటికి, నిద్ర పట్టక దొర్లుతున్నప్పుడు, సాయంత్రమే ఎవరికో నరాల జబ్బు వచ్చిందన్న వార్త విన్న రోజున ఎదురైతే ఎలా ఉంటుంది? గుండెల్లో రాయి పడుతుంది. మర్నాడు లేవగానే మొదట ఆ చేతినే తడిమి చూసుకుంటాం. తడిమితే ఉంటుంది. ఉండకుండా ఎక్కడికి పోతుంది?

ఈ రోజు నేను మాట్లాడేది అక్కడ చిక్కుకుపోయిన మనిషి గురించి.

ఆ మనిషి మా దగ్గరికి వచ్చేసరికి చేతిలో మందపాటి ఫైలు ఉంటుంది. మెదడు ఎమ్మారై, మెడ ఎమ్మారై, నరాల పరీక్ష, షుగరు, థైరాయిడ్, విటమిన్లు. అన్నీ నార్మల్. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చూసి "ఏమీ లేదండీ, టెన్షన్ పడకండి" అని పంపేశారు. మనిషి మాత్రం భయపడుతూనే ఉన్నాడు. ఇంట్లోవాళ్ళకు విసుగు, డాక్టరుకు విసుగు, ఆఖరికి తన మీద తనకే విసుగు. "అనుమానం పెనుభూతం" అని ఎవరో ఒకరు సామెత కూడా విసురుతారు. సామెత నిజమే, కానీ భూతం పట్టినవాడికి సామెత చెబితే ఏం లాభం?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "ఏమీ లేదు" అన్నది తప్పుడు జవాబు. ఆ మనిషి పిక్క నిజంగానే అదురుతోంది. చెయ్యి నిజంగానే తిమ్మిరెక్కుతోంది. "ఇదేమిటి?" అని ఆయన అడిగితే, "ఇది ఫలానాది కాదు" అని మేం చెప్పాం. ట్యూమరు కాదు, పక్షవాతం కాదు, మల్టిపుల్ స్క్లిరోసిస్ కాదు. మంచిదే. మరేమిటి? ఆ ఖాళీని డాక్టరు నింపకపోతే అర్ధరాత్రి ఫోను నింపుతుంది. అది ఏం రాసి నింపుతుందో మీకు తెలుసు.

పరీక్ష చేయించి, రిపోర్టు చూపిస్తే భయం పోతుందని మేమూ అనుకునేవాళ్ళం, చాలాకాలం. 2005లో ఒక బ్రిటిష్ పరిశోధన అచ్చయింది. దాదాపు రోజూ తలనొప్పి ఉండే 150 మందిని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మెదడు స్కాన్ చేయిస్తామన్నారు, రెండో గుంపుకు లేదు. మూడు నెలలకు చూస్తే స్కాన్ అవకాశం ఉన్నవాళ్ళలో భయం తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా మాయమైంది. 2013లో ఇలాంటి పరిశోధనలు 14 కలిపి, మొత్తం 3,800 మందికి పైగా రోగుల వివరాలు చూశారు. పెద్ద జబ్బు ఉండే అవకాశం ముందే తక్కువగా ఉన్నవాళ్ళకు పరీక్షలు చేయిస్తే, వాళ్ళ ఆందోళన మీద గానీ బాధల మీద గానీ నిలిచే ఫలితం దాదాపు ఏమీ కనపడలేదు.

ఎందుకలా? దురద పుట్టినప్పుడు గోకితే ఎలా ఉంటుందో, భయపడ్డప్పుడు ధైర్యం అడిగి తెచ్చుకుంటే అలా ఉంటుంది. ఆ క్షణానికి హాయి. కాసేపటికి ఇంకా ఎక్కువ దురద. డాక్టరు "నార్మల్" అనగానే మెట్లు దిగేటప్పుడు మనిషి తేలిపోతాడు. ఇల్లు చేరేలోపే మొదలవుతుంది: ఆయన పూర్తిగా వినలేదేమో. స్కాన్ తీసిన రోజుకు జబ్బు ఇంకా కనపడేంత పెరగలేదేమో. రిపోర్టు ఎవరిదో మారిపోయిందేమో. ఈ మూడింటినీ నూటికి నూరుపాళ్ళు కొట్టిపారేయడం ఎవరివల్లా కాదు. అందుకే ఇంకో పరీక్ష కావాలనిపిస్తుంది. గమనించండి, ఆ మనిషికి తెలివి తక్కువై ఇలా ఆలోచించడం లేదు. తర్కం బాగానే ఉంది. కోరుకున్న వస్తువే ఎక్కడా దొరకనిది. రేపటికి మీకు ఏ జబ్బూ రాదని రాసిచ్చే డాక్టరు ప్రపంచంలో లేడు, నాతో సహా.

ఇప్పుడు కొంచెం వివరంగా ఒక భయం గురించి చెబుతాను. ఎందుకంటే ఈ ఫైళ్ళలో సగం దాని చుట్టూనే తిరుగుతాయి. కండరాలు అదరడం. పిక్కలో, తొడలో, కంటి రెప్పలో, బొటనవేలి మొదట్లో, చర్మం కింద పురుగు కదిలినట్టు టకటకా కొట్టుకుంటుంది. మేం దీన్ని ఫాసిక్యులేషన్ అంటాం. ఫోన్లో వెతకగానే ఏఎల్‌ఎస్ అని వస్తుంది. చేతులు, కాళ్ళు, మాట, మింగడం, ఊపిరి, ఒక్కొక్కటే పడిపోయే జబ్బు. భయపడాల్సిన జబ్బే, అందులో సందేహం లేదు. అయితే లెక్క ఒకసారి చూడండి. ఏఎల్‌ఎస్ ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో కొత్తగా వస్తుంది. కండరం అదరడమంటారా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను అడిగితే పదిమందిలో ఏడుగురి దాకా ఎప్పుడో ఒకప్పుడు అదిరిందనే చెబుతారు. 1963లోనే ఆసుపత్రి సిబ్బందిని అడిగి ఈ లెక్క తేల్చారు. కాఫీ, టీలు ఎక్కువైతే, నిద్ర తక్కువైతే, అలవాటులేని వ్యాయామం చేస్తే, ఆందోళన పెరిగితే అదురు పెరుగుతుంది.

1993లో అమెరికాలో మరో పని చేశారు. కండరాలు అదురుతున్నాయి గానీ పరీక్షలో ఇంకేమీ తేడా లేదన్న 121 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. కొందరిని రెండేళ్ళు, కొందరిని 32 ఏళ్ళు. ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు. తర్వాతి కాలంలో ఒకటీ అరా మినహాయింపులు వైద్య పత్రికల్లో వచ్చిన మాట నిజం, దాచను. కానీ అలాంటిది పత్రికకు ఎక్కిందంటేనే అది ఎంత అరుదో తెలుస్తోంది.

ఈ భయంలో ఎక్కువగా పడేవాళ్ళు ఎవరో తెలుసా? డాక్టర్లు. నవ్వకండి. 2013లో ఇద్దరు నరాల వైద్యులు దీని మీద ఒక వ్యాసమే రాశారు. పిక్క అదిరింది, నాకు ఏఎల్‌ఎస్ వచ్చేసిందని పరుగెత్తుకొచ్చిన వైద్యుల గురించి. చదువు ఉన్నంత మాత్రాన భయం ఆగదు. చదువుకున్న భయానికి పేర్లు ఎక్కువ తెలుస్తాయి, అంతే.

మరి మేం ఏం చూసి "ఇది అది కాదు" అంటాం? అదురును చూసి కాదు. బలం చూస్తాం. కాలి మునివేళ్ళ మీద నడవమంటాం, మడమల మీద నడవమంటాం. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవమంటాం. చొక్కా గుండీ పెట్టడం, తాళం తిప్పడం ఎలా ఉందని అడుగుతాం. కండరం కరిగి పల్లం పడిందా, సుత్తితో కొడితే మోకాలు మామూలు కంటే ఎక్కువగా ఎగురుతోందా, నాలుక నోట్లో కదలకుండా పెట్టినప్పుడు ఎలా ఉంది. ఏఎల్‌ఎస్‌లో మనిషికి ముందు పని చేతకాకుండా పోతుంది. పాదం నేలకు తగిలి తూలుతాడు, సీసా మూత తియ్యలేడు. "కాలు నీరసంగా అనిపిస్తోంది, కానీ మూడంతస్తులు ఎక్కాను" అనేది వేరే సంగతి. ఇక ఈఎంజీ అనే సూది పరీక్షలో, నరం సంబంధం తెగిన కండరం విడిగా ఇచ్చే సంకేతాలు ఉంటాయి. ఉత్త అదురు మాత్రమే ఉండి అవి లేకపోతే మాకు ధైర్యం. అదురు మొదలై చాలా నెలలైనా బలం అలాగే ఉంటే ఇంకా ధైర్యం.

తిమ్మిర్ల గురించి కూడా ఇలాగే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ జవాబులు చాలాసార్లు నిజంగానే దొరుకుతాయి. నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటే బొటనవేలు, చూపుడువేలు వైపు మొద్దుబారతాయి. మోచెయ్యి బల్లకు ఆనించి గంటలు గంటలు ఫోను పట్టుకుంటే చిటికెనవేలు వైపు. ఈ రెండూ నరం నొక్కుకోవడం వల్ల. బీ12 తక్కువైతే రెండు పాదాల్లో మొదలై పైకి వస్తుంది. మాంసాహారం, గుడ్లు, పాల పదార్థాలు ఏవీ తీసుకోనివాళ్ళు, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు ఇది తప్పక చూపించుకోవాలి. షుగరు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఊపిరి. ఆందోళనలో మనిషి తనకు తెలియకుండానే గబగబా, పై పైన ఊపిరి తీస్తాడు. రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది. దాంతో రక్తం కాస్త క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గి నరాలు చీటికీమాటికీ స్పందించే స్థితికి వస్తాయి. ఫలితం: పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో చిమచిమలు. అదే సమయంలో మెదడు రక్తనాళాలు కొంచెం ముడుచుకుని తల తేలిపోయినట్టు ఉంటుంది. ఇందులో ఊహ అనేది లేదు, పూర్తిగా రసాయన శాస్త్రం. అయితే ఆ చిమచిమ చూసి భయం పెరిగి, భయానికి ఊపిరి ఇంకా పెరిగి, మళ్ళీ చిమచిమ. ఈ గిరగిర తిరుగుడు ఎమ్మారైలో కనపడదు. ఎమ్మారై తీయించుకునే వేళకు అది ఆగిపోయి ఉంటుంది కూడా.

మైగ్రేన్ గురించి రెండు మాటలు. తలనొప్పి లేకుండా కూడా మైగ్రేన్ రావచ్చు. కంటి ముందు మెరుపుల వంకర గీత మొదలై పెద్దదవుతుంది. లేదా చిమచిమ చేతివేళ్ళలో మొదలై మెల్లగా మోచేతికి, అక్కడి నుంచి పెదవికి పాకుతుంది. ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. మెదడు పొర మీద ఒక అలలాంటిది నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో జరుగుతుంది, అందుకే ఆ పాకుడు. దీన్ని 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావో కనిపెట్టాడు. పక్షవాతం ఇలా నడుచుకుంటూ రాదు, సాధారణంగా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అయినా జీవితంలో మొదటిసారి ఇలా జరిగితే ఇంట్లో కూర్చుని తేడాలు లెక్కపెట్టొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

"సరే, ఒక్కసారి స్కాన్ తీయించేసుకుంటే పోయేదేముంది?" అంటారు. పోయేది ఉంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2,000 మంది మామూలు మనుషులకు, నడి వయసు దాటినవాళ్ళకు, మెదడు ఎమ్మారై తీశారు. ఆ ఫలితాలు 2007లో వచ్చాయి. 7.2 శాతం మందిలో తమకే తెలియని పాత చిన్న పక్షవాతపు మచ్చలు. 1.8 శాతంలో రక్తనాళం ఉబ్బు. 1.6 శాతంలో ప్రాణాపాయం లేని గడ్డలు. వీళ్ళెవరూ ఏ బాధతోనూ వచ్చినవాళ్ళు కారు. ఇప్పుడు కాలి తిమ్మిరికి భయపడి స్కాన్ తీయించుకున్న మనిషికి ఇలాంటిదొకటి కనపడిందనుకోండి. తిమ్మిరికీ దానికీ ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. కానీ ఇక ఆ మనిషికి నిద్ర ఉంటుందా? భయం తగ్గించుకోవడానికి వెళ్ళి కొత్త భయాన్ని డబ్బిచ్చి కొనుక్కొచ్చినట్టు. అవసరమైనప్పుడు స్కాన్ ఎంత గొప్పదో నాకు తెలుసు, రోజూ దాని మీదే ఆధారపడతాను. అవసరమేమిటో ఒంటి పరీక్ష చెప్పాలి, భయం చెప్పకూడదు.

ఇక్కడ మీలో ఎవరో లేచి అడగాలి: డాక్టర్లు పొరబడరా? పొరబడతారు. ఆ ప్రశ్నను కసిరి కూర్చోబెట్టే హక్కు మాకు లేదు. 1950లలో "హిస్టీరియా" అని ముద్ర వేసి పంపినవాళ్ళలో 29 శాతం మందికి తర్వాత మరో జబ్బు బయటపడింది. 1960లలో 17 శాతం. 1970 నుంచి ఇది సుమారు 4 శాతానికి దిగి అక్కడే ఉంది. పాత పరిశోధనలన్నీ కలిపి చూసి 2005లో చెప్పిన లెక్క ఇది. తర్వాత స్కాట్లాండ్‌లో నరాల వైద్యుల దగ్గరికి కొత్తగా వచ్చిన 3,781 మందిని చూశారు. వాళ్ళలో 1,144 మందికి, అంటే దాదాపు 30 శాతానికి, తెలిసిన జబ్బేదీ వాళ్ళ బాధను సరిగ్గా వివరించలేదు. ఏడాదిన్నర తర్వాత అందులో 1,030 మంది సంగతి కనుక్కుంటే, ముందు పసిగట్టని జబ్బు బయటపడింది నలుగురిలో.

ఈ లెక్కలో రెండు విషయాలున్నాయి. నలుగురే అన్నది మీకు ధైర్యం. ముప్పై శాతం అన్నది మాకు బుద్ధి. నరాల డాక్టరు గది ముందు కూర్చున్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరి సమస్య ఇదైతే, దీన్ని "ఏమీ లేదు" అని పక్కకు నెట్టడం ఏ న్యాయం?

వీళ్ళలో కొందరిది ఫంక్షనల్ న్యూరోలాజికల్ డిజార్డర్. కాలు నిజంగా లేవదు, చెయ్యి వణుకుతుంది, మూర్ఛలాంటివి వస్తాయి. నరాలు, మెదడు నిర్మాణం బాగానే ఉన్నా, మెదడు ఆజ్ఞ నడిచే దారిలో తేడా. దీన్ని మిగతావన్నీ కాదని తేల్చాక మిగిలిన చెత్తబుట్టగా చూసే రోజులు పోయాయి. పరీక్షలో గట్టి ఆనవాళ్ళు ఉంటాయి. 1908లో హూవర్ అనే అమెరికన్ డాక్టరు చెప్పింది ఒకటి. పడుకున్న మనిషి బలహీనమైన కాలి మడమను కిందికి నొక్కమంటే నొక్కలేడు. ఆ మడమ కింద చెయ్యి ఉంచి, రెండో కాలు పైకి ఎత్తమంటే, నొక్కలేనన్న మడమే తనంతట తాను డాక్టరు చేతిని నొక్కుతుంది. అంటే బలం ఉంది. ధ్యాస పెట్టి ప్రయత్నిస్తే రావడం లేదు, ధ్యాస మళ్ళితే వస్తోంది. దీన్ని రోగికి చూపించి వివరిస్తే ఆశ్చర్యపోతారు. నటన అని కసురుకునే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళది అజ్ఞానం. ఏదో మనోవేదన ఉండి తీరాలన్న నియమం కూడా 2013లో మానసిక వైద్యులు జబ్బులు నిర్ధారించడానికి వాడే గ్రంథం డీఎస్ఎమ్-5 తీసేసింది. ఫిజియోథెరపీతో చాలామంది మెరుగవుతారు.

అలాగే నార్మల్ రిపోర్టు పట్టుకోలేని జబ్బులూ ఉన్నాయి. సన్న నరాలు మాత్రమే దెబ్బతింటే మామూలు నరాల పరీక్ష బాగానే వస్తుంది, పాదాలు మాత్రం మండుతూ ఉంటాయి. దానికి చర్మం ముక్క తీసి చూడాలి. మయస్థీనియా అని, కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు, అందులో పొద్దున బాగుండి, సాయంత్రానికి కనురెప్ప వాలి, ఒకటి రెండుగా కనపడొచ్చు. పొద్దున్న చూసిన డాక్టరుకు ఏమీ దొరక్కపోవచ్చు. కాబట్టి నేను మీకు చెప్పేది "డాక్టరు చెప్పాడు, నమ్మెయ్యండి" అని కాదు. ఒకే డాక్టరును పట్టుకోండి. మళ్ళీ ఎప్పుడు చూడాలో తేదీ తీసుకోండి. మూడు నెలలో, ఆరు నెలలో. ఆ తేదీకి మీ భయం ఎలా ఉన్నా వెళ్ళండి, అంతకు ముందు భయం వేసిందని మాత్రం పరుగెత్తకండి. కాలమే మా దగ్గరున్న గొప్ప పరీక్ష. ముదిరే జబ్బు ముదురుతుంది, దాక్కోదు.

వెంటనే పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. ఒక్కసారిగా మొహం వంకర పోవడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం. బుర్ర పగిలినట్టు క్షణాల్లో ముదిరిన తలనొప్పి. జ్వరం, మెడ బిగుసుకోవడం. మూత్రం పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం. మొదటిసారి ఫిట్సు రావడం. ఇక వారాల్లో, నెలల్లో బలం తగ్గుతూ పోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి ఆ రోజే కాకపోయినా త్వరలో చూపించుకోవాలి. "టెన్షన్ మనిషి" అన్న పేరు పడినవాళ్ళకు కూడా ఇవి రావచ్చు. ఆ పేరు చూసి ఏ డాక్టరైనా పరీక్షించకుండా పంపిస్తే ఊరుకోకండి.

మరి భయాన్ని ఏం చెయ్యాలి? రోజుకు ఎన్నిసార్లు ఒంటిని పరీక్షించుకుంటున్నారో చూసుకోండి. ఒంటికాలి మీద నిలబడటం, నాలుక అద్దంలో చూసుకోవడం, పిడికిలి బిగించి రెండు చేతుల బలం పోల్చుకోవడం. రోజుకు యాభైసార్లు పిడికిలి బిగిస్తే ఎవరి చెయ్యైనా అలిసిపోతుంది, ఆ అలసటనే కొత్త లక్షణం అనుకుంటాం. ఒకేసారి మానలేరు. రేపు పొద్దున్నదాకా వాయిదా వెయ్యండి. ఫోన్లో వెతకడం మాత్రం పూర్తిగా మానాలి, అందులో నేను బేరమాడను. అక్కడ అరుదైన జబ్బుల గురించే ఎక్కువ రాసి ఉంటుంది. "నా పిక్క అదిరింది, నాలుగు రోజులకు తగ్గింది" అని ఎవరూ వ్యాసం రాయరు కదా.

దీనికి వైద్యం కూడా ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మన ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స. బ్రిటన్‌లో ఆసుపత్రులకు తిరుగుతున్న 444 మంది ఆరోగ్య భయస్తుల మీద పరీక్షించి 2014లో ప్రకటించారు. నరాల విభాగానికి వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. కొద్దిపాటి సెషన్లతోనే, మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే వీళ్ళ భయం బాగా తగ్గింది, రెండేళ్ళకు కూడా ఆ తేడా నిలిచింది. శిక్షణ పొందిన నర్సులు చేసినా బాగా పనిచేసింది. సైకాలజిస్టు దగ్గరికి పంపితే "నన్ను పిచ్చివాణ్ణి అంటున్నారా" అని కోపం వస్తుంది చాలామందికి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. బాధ ఒంట్లో ఉందని ఒప్పుకోకుండా పంపితే ఎవరికైనా వస్తుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: డాక్టరు గారూ, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం తప్పంటారా?

ఒకసారి తీసుకోవడం మీ హక్కమ్మా. ఫైలంతా పట్టుకెళ్ళండి, ఇదివరకు చూసినవాళ్ళు ఏమన్నారో దాచకుండా చెప్పండి. ఇద్దరూ ఒకే మాట చెబితే మూడో మనిషి దగ్గర కొత్తగా దొరికేది తక్కువ. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఈ మూడూ అడగండి: మీరు ఏ జబ్బులు కాదనుకుంటున్నారు, దేన్నిబట్టి? నా బాధ దేనివల్ల అని మీ అంచనా? ఏ మార్పు కనపడితే నేను మళ్ళీ రావాలి? మూడోదానికి జవాబు కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మందులు ఏమైనా ఉన్నాయా సార్?

ఉన్నాయి. ఆందోళనకు, డిప్రెషన్‌కు వాడే మందులు ఈ భయానికి కూడా కొందరిలో పనిచేస్తాయి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంకొకటి, వాటిలో కొన్ని మొదట్లో వణుకు, తల తేలడం తెస్తాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇలాంటి మనిషి రెండో రోజే మందు పారేస్తాడు. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు.

ప్రశ్న: మా ఆవిడకు పక్షవాతం భయమండీ. రోజుకు పదిసార్లు "నా మొహం వంకరగా ఉందా చూడండి" అంటుంది. చూసి లేదంటాను. కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. విసుక్కుంటే ఏడుస్తుంది. ఏం చెయ్యమంటారు?

మీరు ఇప్పటిదాకా ఓపిగ్గా చెప్పారు చూడండి, అది ప్రేమే. కానీ పని చెయ్యలేదు, మీరే చెబుతున్నారు. ఆవిడ బాగున్నప్పుడు, భయం లేని వేళ, ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోండి. ఆవిడకు తెలియకుండా మీరు జవాబులు మానేస్తే పంతం పట్టారనుకుంటుంది. ఈ వారం రోజుకు రెండుసార్లే చూసి చెబుతాను, పై వారం ఒకసారి. మూడోసారి అడిగితే "ఒప్పందం గుర్తుందిగా, భయంగా ఉందా, రా కాసేపు అలా నడిచొద్దాం" అనండి. ఆ అరగంట ఇద్దరికీ కష్టంగా ఉంటుంది. దిగిపోతుంది. అడగకుండా దిగిపోయిందని ఆవిడకు తెలియడమే మనకు కావలసింది.

అదే శ్రోత: మరి ఒకవేళ నిజంగానే వంకర పోతే?

అప్పుడు చాలావరకు ఆవిడ అడగదండీ, మీరే చెబుతారు. మొహం వంకర పోతే పక్కవాళ్ళకే ముందు కనిపిస్తుంది. నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి, ఒక వాక్యం చెప్పమనండి. ఏది తేడాగా ఉన్నా ఒప్పందాలన్నీ పక్కన పెట్టి అంబులెన్సు పిలవండి, మొదలైన సమయం గుర్తుపెట్టుకోండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.